ఒక్క ఫోటోలో పట్టని పొలం

పోస్టు పెద్దదే. మోటారు వేసి గట్టు మీద కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి.

ముందు మీ ఫోను తీసి, పొలం ఫోటోలు ఒక్కోటీ వెనక్కి జరుపుకుంటూ చూడండి. అరటి గెల ఉంటుంది. ఆకు మీద మచ్చ ఉంటుంది, మందుల షాపు ఆయనకి చూపించడానికి తీసింది. కొత్త మోటారు ఉంటుంది. మనవణ్ణి ట్రాక్టరు మీద కూర్చోబెట్టి తీసింది ఉంటుంది. మరి పొలం ఏది? ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మీ చెక్క మొత్తం కనపడే ఫోటో ఒక్కటైనా ఉందా? చాలామంది దగ్గర ఉండదు. తీద్దామన్నా పట్టదు. వెనక్కి జరుగుదామంటే పక్కాయన చేలోకి పోవాలి.

పట్టనిదాన్ని పట్టించే పద్ధతి ఒకటుంది. ఉన్నచోటే నిలబడి, పక్కపక్కగా కొన్ని ఫోటోలు తియ్యాలి. ఒకదాని అంచు మీదికి ఇంకోదాని అంచు ఎక్కాలి. తర్వాత అన్నిటినీ కలిపి ఒకే పొడుగాటి ఫోటో చెయ్యాలి. దీన్నే పనోరమా అంటారు. మన పెంకుటింటి కప్పు గుర్తుతెచ్చుకోండి. పెంకు మీద పెంకు ఎక్కకపోతే వాన ఇంట్లోకి వస్తుంది. ఇక్కడా అంతే, అంచు ఎక్కకపోతే అతుకు నిలవదు.

ఇదంతా షోకు, రైతుకెందుకు అంటారేమో. 2024 సెప్టెంబరులో కృష్ణకి వచ్చిన వరద తర్వాత మా పసుపు చేను నష్టం జాబితాలోకి ఎక్కిందంటే ఈ షోకు వల్లే. ఆ సంగతీ చెప్తా, ఎట్లా తియ్యాలో కూడా చెప్తా.

మాది కరకట్ట అవతల లంక పొలం, తోట్లవల్లూరు వైపు. మొత్తం రెండెకరాల నలభై సెంట్లు. ఎకరంన్నర అరటి, తొంభై సెంట్లు పసుపు. మా అక్క వాళ్లు ఉండేది విజయవాడ భవానీపురంలో. మేనల్లుడు పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాడు. అక్కకి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వెళ్లి, ఆగస్టు 31న ఆ వానలో అక్కడే చిక్కుకుపోయా.

భవానీపురం తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. విజయవాడకి పడమటి వైపు, కృష్ణ ఒడ్డునే ఉంటుంది. పున్నమి ఘాటు అక్కడిదే. మేడెక్కి నది వైపు తిరిగితే ఎడమ చేతి వైపు ఇంద్రకీలాద్రి, ప్రకాశం బ్యారేజీ. ఎదురుగా భవానీ ద్వీపం, 133 ఎకరాల లంక. కుడి చేతి వైపు ఇబ్రహీంపట్నం, పవిత్ర సంగమం దిక్కు. నీళ్లు కుడి నుంచి ఎడమకి పోతుంటాయి. ఆ నీళ్లే బ్యారేజీ దాటి, కొన్ని గంటల తర్వాత మా లంకకి చేరతాయి. అందుకే వరదప్పుడు భవానీపురంలో మనిషి ఉన్నాడంటే మా ఊళ్లో అందరికీ వాడి నంబరు కావాల్సిందే.

సెప్టెంబరు 1 పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. టీవీలో క్యూసెక్కులు చెప్తూనే ఉన్నారు. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అంటే 5 లక్షల 69 వేల క్యూసెక్కులు. ఆ సంఖ్య వింటే ఇంజనీరుకి బొమ్మ కనపడుతుందేమో గానీ మనకి కనపడదు. మా వాళ్లు అడిగేవి వేరే. "ఘాటు మెట్లు ఏమన్నా కనపడుతున్నాయా? ద్వీపంలో చెట్లు ఎంతదాకా మునిగాయి?" నేను మేడ మీంచి ఒక ఫోటో తీసి పంపా. ఎర్రటి నీళ్లు, పైన మబ్బు. అది కృష్ణా, చెరువా అన్నది కూడా తెలియదు. "ఇందులో ఏముంది బావా?" అని మా బావమరిది తిరుగు ఫోను.

మేనల్లుడు గొడుగు పట్టుకుని పైకొచ్చాడు. నీళ్ల ట్యాంకు మూల దగ్గర నిలబడి, ఫోను నిలువుగా పట్టుకుని, కొండ దగ్గర మొదలుపెట్టి ఎగువ దాకా ఏడు ఫోటోలు తీశాడు. ఐదు నిమిషాల్లో ఒకటిగా కలిపేశాడు. వాడు అదే మూల నుంచి వేసవిలో ఒకటి తీసి ఉంచుకున్నాడు, వాడి పని కోసం. రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి పంపాం. పైదాంట్లో ఘాటు మెట్లున్నాయి, ద్వీపం ఒడ్డు ఉంది, రేవులో పడవలున్నాయి. కిందిదాంట్లో అవేవీ లేవు. ద్వీపం ఉండాల్సిన చోట చెట్ల తలలు. కొండ మాత్రం రెంటిలోనూ ఒక్క చోటే ఉంది కాబట్టి, ఏది ఎంత మునిగిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. మా ఊళ్లో ఆ పూటే లంకలో మోటార్లు విప్పి కరకట్ట మీదికి చేర్చారు, గొడ్లని తోలుకొచ్చారు. మర్నాడు బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకి పోయింది. రెండో హెచ్చరికకి రెట్టింపు అన్నమాట. మనకి 2009 అక్టోబరు వరదే గుర్తు, అదీ దీని ముందు తగ్గింది.

ఇక్కడ ఇంకో సంగతి. మేడ మీద మేమందరం కృష్ణ వైపే చూస్తున్నాం. మా పొడుగాటి ఫోటో కూడా నది వైపుదే, అర్ధచక్రం. భవానీపురంలో లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చింది మాత్రం వెనక నుంచి. ఉత్తరాన బుడమేరుకి గండ్లు పడి, సింగ్‌నగర్‌తో పాటు ఈ పక్క కాలనీల్ని కూడా ముంచింది. ఏటిని చూస్తూ నిలబడితే వాగు వచ్చి ముంచినట్టయింది. సాయంత్రం మేనల్లుడు చుట్టూ పూర్తిగా తిరిగి పద్నాలుగు ఫోటోలు తీశాడు. ఆ బొమ్మలో ఒక కొసన నది, ఇంకో కొసన వీధిలో నడుము లోతు నీళ్లలో మనుషులు. ఆ రోజుల్లో విజయవాడ మీద డ్రోన్లు తిరగడం మీరూ టీవీలో చూసే ఉంటారు. అన్నం పొట్లాలు, మందులు దించాయి. పైనుంచి చూసినవాడికి చుట్టూరా కనపడుతుంది. కింద ఉన్నవాడు తిరిగి చూడాల్సిందే.

నీళ్లు తీశాక లంకకి పోయా. ఎట్లా ఉందో మీకు చెప్పక్కర్లేదు, మీలో చాలామంది చూసిందే. అరటి వైపు పల్లం. చెట్లన్నీ ఒకే దిక్కుకి తల వాల్చి, బురదలో దువ్వెనతో దువ్వినట్టు పడుకున్నాయి. నదికి దగ్గరి కొసన ఇసుక మేట. మధ్యలో మా బాబాయి వరసాయన కౌలుకి చేసే కంద ముక్క, అరెకరం లోపు. అదీ పోయింది. పసుపు వైపు మెరక. ఒకటిన్నర రోజు నీళ్లు పారిపోయాయి గానీ చేను నిలబడే ఉంది, ఆకు పచ్చగానే ఉంది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, నష్టం రాసుకునే వాళ్లు వచ్చినప్పుడు కరకట్ట వైపు నుంచి వస్తారు. అట్నుంచి వస్తే ముందు కనపడేది నిలబడ్డ పసుపు. పంట 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుందని మీకు తెలుసు. బురదలో పల్లం దాకా దిగడం ఎవరికైనా కష్టమే, వాళ్లూ మనుషులే, రోజుకి ఎన్ని చేలు చూడాలో. అందుకని వాళ్లు రాకముందే మోటారు షెడ్డు శ్లాబు ఎక్కి మొత్తం తీసిపెట్టుకుందామనుకున్నా.

మేనల్లుడు నాకు నేర్పింది ఇదీ. కాస్త శ్రద్ధగా చదవండి, అసలు పని ఇక్కడే ఉంది.

ఒక కన్ను మూసి, బొటనవేలు ముఖానికి జానెడు దూరంలో పెట్టి, దూరంగా ఉన్న కొబ్బరి చెట్టుకి సూటిగా పట్టండి. ఇప్పుడు ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు చెట్టు మీంచి పక్కకి దూకింది కదా? వేలూ కదల్లేదు, చెట్టూ కదల్లేదు. చూసే చోటు రెండంగుళాలు మారింది, అంతే. ఫోను చేతుల్లో చాచి పట్టుకుని ఒళ్లు తిప్పితే ఫోను మీ చుట్టూ అడుగున్నర దూరంలో తిరుగుతుంది. దగ్గరున్న కరెంటు స్తంభం ఒక ఫోటోలో అరటి చెట్టుకి ఇటు, ఇంకో ఫోటోలో అటు పడుతుంది. అప్పుడు కలిపే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది పాపం? స్తంభాన్ని రెండు చేస్తుంది, లేదా మధ్యకి విరగ్గొడుతుంది. మావాడి మాటల్లో చెప్పాలంటే, "మావయ్యా, ఫోను నీ చుట్టూ తిరక్కూడదు, నువ్వే ఫోను చుట్టూ తిరగాలి." ఛాతీ ఎత్తు వెదురు గెడ ఒకటి నిలబెట్టి, దాని కొస మీద ఫోను లెన్సు ఉండేట్టు ఆనించి, గెడ కదలకుండా మీరు చుట్టూ అడుగులు వెయ్యండి. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఫోను నిలువుగా పట్టుకోండి. అడ్డంగా పట్టుకుంటే తక్కువ ఫోటోలతో అయిపోతుంది గానీ, కింద గట్టు, పైన చెట్టు తెగిపోతాయి. నిలువుగా అయితే అర్ధచక్రానికి ఆరేడు చాలు. ప్రతి ఫోటోలో మూడో వంతు ముందు ఫోటోలోది మళ్లీ రావాలి. మూడో వంతు అంటే ఎట్లా తెలుసుకోవాలి? ఫోటో తీసేముందు కుడి అంచుకి కాస్త లోపలగా ఏదో ఒక గుర్తు చూసుకోండి, చెట్టో స్తంభమో. తిరిగాక అది ఎడమ అంచుకి దగ్గరగా రావాలి. ఇక తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు తాళం పడుతుంది. అది వెయ్యకపోతే ఎండ వైపు తిరిగినప్పుడు ఫోటో నల్లగా, నీడ వైపు తెల్లగా వచ్చి, అతికాక ఆకాశం అతుకుల బొంతలా ఉంటుంది. పొద్దున్న తీస్తే సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి పడమటి వైపు పొలం బాగా వస్తుంది. మీ పొలం ఏ దిక్కుకి ఉందో మీకు తెలుసు, దాన్ని బట్టి చూసుకోండి.

ఇక కలపడం. సాఫ్ట్‌వేర్ రెండు ఫోటోల్లోనూ ఒకేలా ఉన్న చుక్కల్ని వెతుకుతుంది. గోడ మూల, రాయి అంచు, కొమ్మ చీలిన చోటు లాంటివి. అవి ఒకదాని మీద ఒకటి కూర్చునేట్టు ఫోటోల్ని వంచి, తిప్పి సర్దుతుంది. కెనడాలో బ్రౌన్, లో అనే ఇద్దరు 2003లో, ఫోటోల వరస కూడా చెప్పకుండానే కంప్యూటరు తనంతట తనే పట్టుకుని అతికే పద్ధతి చూపించారు. ఇప్పుడు ఆ పని మన జేబులో ఉంది. కంప్యూటరు ఉంటే హగిన్ అని ఉచితంగా దొరుకుతుంది, మావాడు దాన్నే వాడతాడు.

కానీ చేలో ఒక చిక్కుంది. పెళ్లి పందిట్లో ప్రతి ముఖం వేరు, అందుకని అతుకు బాగా కుదురుతుంది. అరటి తోటలో? చెట్టూ చెట్టూ ఒకటే, సాలూ సాలూ ఒకటే. వరి అయితే చెప్పనే అక్కర్లేదు, పచ్చటి దుప్పటి. సాఫ్ట్‌వేర్ మూడో సాలుని తీసుకెళ్లి నాలుగో సాలు మీద కూర్చోబెడుతుంది. మధ్యలో ఒక సాలు మాయం. చూసేవాడికి తెలియనే తెలియదు, ఎందుకంటే బొమ్మ అందంగానే ఉంటుంది. దీనికి నా మందు చెప్తా. అతుకు పడే ప్రతిచోటా వేరే వేరే వస్తువు పెట్టండి. నేను ఒకచోట కర్రకి ఎర్ర తువ్వాలు కట్టా, ఒకచోట నీలం డ్రమ్ము బోర్లించా, ఒకచోట యూరియా సంచి వేలాడదీశా, ఇంకోచోట బాబాయినే నిలబెట్టా. కదలొద్దు బాబాయ్ అంటే చుట్ట కూడా ముట్టించకుండా నిలబడ్డాడు.

కదిలేవాటితో జాగ్రత్త. గేదె నడుస్తుంటే ఆరు కాళ్ల గేదె వస్తుంది, లేదా తల లేని గేదె. ఫోన్లో ఉండే పనోరమా మీట నొక్కి ఒకే ఊపులో తిప్పినప్పుడు ఇంకో తమాషా ఉంది. పారే నీటిని తీస్తూ, నీరు పోయే వైపే మీరూ తిప్పితే, తేలుతూ పోయే గుర్రపుడెక్క దుబ్బు సాగి పొడుగ్గా వస్తుంది. ఎదురు తిప్పితే కుంచించుకుపోతుంది. గట్టు నిటారుగా ఉన్నా విల్లులా వంగినట్టు వస్తుంది. మా కరకట్ట ఫోటో చూసి ఒకాయన "అక్కడ మలుపు ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. మలుపు లేదు. చుట్టూ చూసినదాన్ని చదునుగా పరిచాం, అంతే. అరటి ఆకు దొన్నెని విప్పి నేల మీద పరిస్తే గీతలు వంకర పోవా?

ఈ కారణాల వల్లే నేను గట్టిగా చెప్పేది, సాక్ష్యం కావాలంటే ఫోను మీట మీద ఆధారపడొద్దు. విడివిడిగా తియ్యండి. మీటతో తీస్తే మీకు మిగిలేది అతికిన బొమ్మ ఒక్కటే. విడిగా తీస్తే ఏడు అసలు ఫోటోలు ఉంటాయి, ఒక్కోదానికి టైము ఉంటుంది, లొకేషన్ ఆన్ చేసి ఉంటే చోటు కూడా లోపల నమోదై ఉంటుంది. ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపకండి. సైజు తగ్గిపోతుంది, లోపలి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌లా పంపండి. అది తెలియక చాలామంది మంచి ఫోటోని వాళ్ల చేతుల్తోనే పనికిరానిదాన్ని చేసుకుంటున్నారు.

సరే, శ్లాబు మీద ఏడు తీశా. ఎడమ నాలుగింటిలో పడిపోయిన అరటి, బాబాయి కంద, ఇసుక మేట. కుడి మూడింటిలో నిలబడ్డ పసుపు. అతికి చూస్తే ఇంత బాగా వచ్చిందేంటా అనిపించింది. బావమరిది చూసి అన్న మొదటి మాట, "కుడివైపు మూడూ తీసెయ్ బావా. నాలుగింటితో అతికిచ్చెయ్. మొత్తం పోయినట్టే ఉంటుంది. ఎవడికి తెలుస్తుంది?" వాడి మాట కొట్టెయ్యలేం. అప్పుల్లో ఉన్నవాడి ఆలోచన అట్లాగే ఉంటుంది, నాకూ ఒక పూట మనసు పీకింది. ఎరువుల కొట్లో బాకీ నాకూ ఉంది. కానీ బాబాయి ముక్క ఆ ఏడింటి మధ్యలో ఉంది. ఒకచోట కత్తిరించిన బొమ్మ అని ఎవరన్నా కనిపెడితే మిగతాది కూడా నమ్మరు, ఆయనదీ కొట్టుకుపోతుంది. ఏడూ ఇచ్చా.

వచ్చిన కుర్రాడు చదువుకున్నవాడు. అతికిన బొమ్మ చూసి, "బాగుంది బాబాయ్‌గారూ, కానీ ఇది నేను తీసుకోలేను, విడివి ఉన్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నా. అతికిన బొమ్మ చూసి ఎక్కడికి పోవాలో తెలుసుకుని, బురదలో పల్లం దాకా దిగి, తన ఫోన్లో తన ఫోటోలు తీసుకున్నాడు. అంటే నా పొడుగు ఫోటో చేసింది వాడికి దారి చూపించడమే. అది చాలు. అరటి రాసుకున్నాడు. పసుపు రాయలేదు. నిలబడ్డ చేనుని చూసి ఎట్లా రాస్తాడు?

పసుపు చేసేవాళ్లకి తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. వేరు చుట్టూ నీళ్లు నిలిచిన పసుపు వెంటనే చావదు. వారానికి ఆకు అంచు పండుబారింది. పది రోజులకి పీకితే మెత్తగా వచ్చేస్తోంది, దుంప కుళ్లు వాసన. పన్నెండో రోజు మళ్లీ శ్లాబు ఎక్కా. అదే చోటు, అదే గెడ, అదే పొద్దు వేళ, అవే ఏడు. ఈసారి కుడి మూడూ పసుప్పచ్చ. జాబితా పెట్టాక అభ్యంతరం రాసిచ్చి, రెండు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి, వాటితో పాటు పద్నాలుగు అసలు ఫోటోలూ ఇచ్చా. మొదటి బొమ్మలో పసుపు నిలబడి ఉండటమే నాకు పనికొచ్చింది. అది వరదకి ముందే చచ్చిన చేను కాదని, వరద తర్వాత చచ్చిందని చెప్పింది అదే. మళ్లీ వచ్చి చూశారు, దుంపలు పీకి చూశారు, రాసుకున్నారు. ఆ మూడు ఫోటోలు ముందే కత్తిరించి ఉంటే రెండోసారి చూపించడానికి నా దగ్గర ఏముండేది?

బాబాయి కందకి మాత్రం దారి దొరకలేదు. పోయిందని ఏడు ఫోటోలూ చెప్తున్నాయి. ఆయన పేరున కౌలు కార్డు లేదు. కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, యజమాని పెట్టలేదు. ఫోటోలో చేను పడుతుంది, చేసినవాడి పేరు పడదు. దానికి నా దగ్గర చిట్కా లేదు.

ఇట్లా ఫోటోలు అతికి సాక్ష్యం చేసుకోవడం కొత్తదేం కాదండోయ్. మనం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, కృష్ణకి బెజవాడ దగ్గర పాత ఆనకట్ట పూర్తయిన (1855) మూడేళ్లకి, ప్రభుత్వ ఫోటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ అనే ఆయన తంజావూరు పెద్ద గుడికి వెళ్లాడు. గుడి పునాది చుట్టూ రాజరాజ చోళుడి కాలం నుంచి చెక్కిన శాసనాలున్నాయి. ఏ ఊరి రాబడి గుడికి ఇచ్చారు, ఎవరు ఏం ఇచ్చారు అన్నవి. చదివేవాళ్ల కోసం ఆ రాతల్ని వరసగా తీసి, 21 ఫోటోలు కలిపి, 19 అడుగుల పొడవు బొమ్మ చేశాడు. 1858లో, కాగితపు నెగిటివ్‌లతో! ఆయన నాలాగా ఒకచోట నిలబడి తిరగలేదు, గోడ పక్కనే జరుగుతూ పోయాడు. గోడ చదును కాబట్టి అట్లా కుదిరింది. ముందో వేలు, వెనకో కొబ్బరి చెట్టు ఉంటే కదా దూకేది. ఎవరికి ఏ భూమి అన్న రాతల కోసమే అంత పెద్ద అతుకు ఫోటో పుట్టిందంటే నాకు ముచ్చటేసింది.

అదే పని ఇప్పుడు మన నెత్తి మీద జరుగుతోంది. భూముల రీసర్వే మన పక్కనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న మొదలైంది. డ్రోను నాగలి సాళ్లలాగా ఇటూ అటూ పోతూ ఫోటోలు తీస్తుంది. ఒకదాని మీద ఒకటి సగానికి పైనే ఎక్కేట్టు తీస్తుంది. అన్నీ అతికితే ఊరి పటం. మనం నిలబడి తీసేదానికీ దానికీ పెద్ద తేడా ఉంది. మనకి చూసే చోటు మారితే చిక్కు, వేలు దూకుతుంది. డ్రోనుకి ఆ దూకుడే కావాలి. ఎంత దూకిందో లెక్కగట్టి గట్టు ఎంత ఎత్తు, పల్లం ఎంత లోతు అని చెప్తుంది. అందుకని మీ పొడుగు ఫోటో చూపించి ఇన్ని సెంట్లు అని ఎవరితోనూ వాదించకండి. అది కొలిచే బొమ్మ కాదు.

కానీ డ్రోను బొమ్మకీ మన చేలో ఒక గుడ్డి చోటుంది. కొబ్బరి మట్టల కింద, అరటి గుబురు కింద గట్టు పైనుంచి కనపడదు. కనపడని చోట నేల మీద రోవరు పెట్టి చూడాలి. అప్పుడు మీరు అక్కడ ఉండాలి. పటం ఎంత నున్నగా వచ్చినా మీ హద్దు రాయి దగ్గరికి ఒకసారి వేలు పెట్టి చూసుకోండి, పక్క రైతుని కూడా పిలిచి. అరటి సాలు అతుకులో ఎట్లా మాయమవుతుందో నా ఫోన్లో చూశాక నేను మా గట్ల మీద పొదలు కొట్టించా. పైనుంచి చూసేవాడికైనా, పక్కనుంచి చూసేవాడికైనా గట్టు గట్టులా కనపడాలి కదా.

ఇప్పుడు షెడ్డు శ్లాబు మీద ఒక చోట సిమెంటుతో చిన్న గుంట చేశా, గెడ మొదలు అందులో కూర్చుంటుంది. ఏటా నాలుగుసార్లు తీస్తా. నాటినాక, వరద కాలానికి ముందు జులైలో, దసరాకి, కోతకి ముందు. ఏడు ఫోటోలు, పది నిమిషాలు, ఖర్చు లేదు. నష్టం వచ్చాక తీసిన ఫోటోకి జత, నష్టం రాకముందు తీసిన ఫోటో. రెండోది మనలో ఎవరి దగ్గరా ఉండదు. మేనల్లుడు భవానీపురం మేడ మీద ట్యాంకు మూల కూడా పెయింటుతో రెండు పాదాల గుర్తులు వేశాడు. నది వైపు ఏడూ, బుడమేరు వైపు ఏడూ.

మొన్న జులై ఫోటోకి శ్లాబు ఎక్కబోతుంటే బాబాయి ఎర్ర బకెట్టు ఒకటి పట్టుకొచ్చాడు, కొత్తది, ధర చీటీ కూడా చింపలేదు. ఈ ఏడు కూడా అదే ముక్క, కార్డు లేకుండానే చేస్తున్నాడు. బకెట్టు తీసుకెళ్లి కంద మధ్యలో బోర్లించి, గట్టు మీదికొచ్చి నిలబడి అరిచాడు. "ఒరే అబ్బాయ్, నా ముక్క అతుకులో పడకుండా చూడరా!"